ముఖానికి ఇంట్లో వాడే పరికరాలు: కవర్ విప్పే ముందు చూసుకోవలసినవి

శ్రావణం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే మా పార్లర్‌లోకి పెళ్ళికూతుళ్ళతో పాటు కొరియర్ కవర్లు కూడా వస్తాయి. పోయిన ఏడాది కాజీపేట నుంచి వచ్చిన ఒకమ్మాయి అలాంటి కవరే తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించింది. ఆకుపచ్చ రాయి రోలర్, గులాబీ రంగు సిలికాన్ బ్రష్, ముక్కు మీది నల్లచుక్కలు పీల్చే మెషిన్, సూదుల రోలర్, అరచేతిలో పట్టేంత స్టీమర్. "అక్కా, పెళ్ళి ఇంక నలభై రోజులే ఉన్నది. ఇండ్ల ముందుగాల ఏది వాడాలె?" అని అడిగింది. మొత్తం నాలుగు వేల పైచిలుకు సామాను. ఆ నలభై రోజుల్లో ఆ పిల్ల ముఖానికి పనికొచ్చేది నూటయాభై రూపాయల బ్రష్ ఒక్కటే.

హన్మకొండలో పార్లర్ నడుపుతూ ఇలాంటివి చాలా కొన్నాను, వాడాను, కొన్నిటితో చేతులు కాల్చుకున్నాను. ఏ సమస్యకు ఏది కొనాలి, దేన్ని దగ్గరికి రానివ్వకూడదు, కొన్నాక ఎలా వాడాలి అనేది వరుసగా చెబుతాను. నేను డాక్టర్‌ను కాను. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పంపాలో మాత్రం ఈ పనిలో బాగానే నేర్చుకున్నాను.

మొదటి అడుగు: కిటికీ దగ్గర అద్దం

ఏదీ కొనకముందు ఒకరోజు పొద్దున్నే ముఖం కడుక్కుని, ఏమీ రాసుకోకుండా ఒక గంట ఉండండి. తర్వాత కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి అద్దంలో చూసుకోండి. ట్యూబ్‌లైట్ కింద అందరం బాగానే కనిపిస్తాం, దాన్ని నమ్మొద్దు. నుదురు, ముక్కు మెరుస్తూ బుగ్గలు మామూలుగా ఉంటే మిశ్రమ చర్మం. ముఖమంతా జిడ్డుగా ఉంటే జిడ్డు చర్మం. నవ్వితే బుగ్గలు లాగినట్టుంటే పొడి చర్మం. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

అంతకంటే ముఖ్యంగా చూడవలసినవి వేరే ఉన్నాయి. చీము పట్టిన మొటిమలు ఉన్నాయా? బుగ్గల మీద, పై పెదవి మీద రెండు వైపులా ఒకేలా గోధుమ రంగు మచ్చ, అంటే మంగు ఉందా? ఎప్పుడో తగిలిన దెబ్బ గానీ చెవి కుట్టిన చోటు గానీ ఉబ్బి గడ్డలా మిగిలిందా? ఆఖరిది, చాలామంది చెప్పకుండా దాచేది: తెల్లబడతామని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబ్‌ను నెలల తరబడి రాస్తున్నారా?

ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మానేస్తే మంట, మొటిమలు మొదలవుతాయి. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా వాడేవాళ్ళు వాడుతూనే ఉన్నారు. అలాంటి చర్మం మీద రోలర్ గానీ ఆవిరి గానీ లైట్ గానీ ఏదీ వద్దు. పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కటున్నా పరికరాల సంగతి పక్కన పెట్టి ముందు చర్మం డాక్టర్‌కు చూపించుకోండి. వరంగల్‌లో ప్రైవేటు ఫీజు భారమనుకుంటే ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకుంటే సరి, ఒక పూట పోతుంది అంతే.

రెండో అడుగు: మూడు ప్రశ్నలు

1975లో హార్వర్డ్‌కు చెందిన ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మ వైద్యుడు ఎండకు చర్మం కందుతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి చర్మాన్ని రకాలుగా విడగొట్టాడు. ఇప్పుడు ఆ లెక్కలో ఆరు రకాలున్నాయి, ఒకటి బాగా తెలుపు, ఆరు బాగా నలుపు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాలవాళ్ళం. కొందరిలో ఆరు కూడా కనిపిస్తుంది. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే పరికరాల వీడియోల్లో చాలావి ఒకటి, రెండు రకాల చర్మం మీద తీసినవి.

తేడా ఎక్కడ వస్తుందంటే, మన చర్మం ముడత పడటానికి తొందరపడదు, మచ్చ పడటానికి మాత్రం తొందరపడుతుంది. చిన్న మంట పుట్టినా, ఒరుసుకుపోయినా, గిల్లినా చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు రెచ్చిపోతాయి. ఎరుపు వారంలో తగ్గి, దాని స్థానంలో నల్లమచ్చ నెలల తరబడి కూర్చుంటుంది. అందుకే ఏ పరికరం చేతికి వచ్చినా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇది వేడి చేస్తుందా? రాపిడి పెడుతుందా, లాగుతుందా? గుచ్చుతుందా? మూడింటికీ "లేదు" అయితే నిశ్చింతగా కొనండి. ఒకదానికి "అవును" అయితే జాగ్రత్తగా, తక్కువసార్లు వాడండి. రెండింటికి "అవును" అనిపిస్తే అది ఇంట్లో వాడే వస్తువు కాదు.

మూడో అడుగు: సమస్యను బట్టి సామాను

ముఖం శుభ్రంగా ఉండటమే మీకు కావలసిందైతే సిలికాన్ బ్రష్ చాలు. కరెంటుతో వణికేది అక్కర్లేదు, చేత్తో తిప్పేది నూరు, నూటయాభైలో దొరుకుతుంది. కుచ్చుల బ్రష్ కంటే సిలికాన్ ఎందుకు మేలంటే, నీళ్ళు పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది, క్రిములు అంతగా నిలవవు. ఫేస్‌వాష్ నురగ మీద ఒక్క నిమిషం, నొక్కకుండా, సున్నితంగా గుండ్రంగా తిప్పండి. వారానికి మూడుసార్లు చాలు. పొడి చర్మమైతే ఒక్కసారే. మొటిమలున్న చోటు వదిలేయండి. మేడారం పోయొచ్చి దుమ్ముకొట్టుకున్న ముఖాన్ని ఆ రాత్రే బ్రష్‌తో గట్టిగా తోమేవాళ్ళను చూశాను. ఆ రోజు చేత్తోనే రెండుసార్లు కడగండి, బ్రష్ మర్నాటికి ఉంచండి.

మిర్చి సీజన్లో ఇంకో సంగతి. ఎనుమాముల మార్కెట్లో పనిచేసేవాళ్ళకు, ఇంట్లో కల్లంలో కాయలు ఏరేవాళ్ళకు చేతులకు అంటిన ఘాటు సబ్బుతో ఒక్కసారికి పోదు. మిర్చిలో మండే పదార్థం నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. ముందు చేతులకు కాస్త కొబ్బరినూనె పట్టించి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగి, అప్పుడు బ్రష్ పట్టుకోండి. లేకపోతే ఆ ఘాటు బ్రష్‌కు, బ్రష్ నుంచి కళ్ళ కిందికి వస్తుంది. ఈ మాట ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

పొద్దున లేవగానే ముఖం ఉబ్బినట్టుంటే, కళ్ళ కింద సంచులు కడుతుంటే చల్లటి రోలర్ బాగుంటుంది. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేరిన నీరు కాస్త పక్కకు జరుగుతుంది, కాసేపు తేడా కనిపిస్తుంది. అంతే. దవడ సన్నబడటం, ముఖం ఆకారం మారటం దీనివల్ల జరగవు. రాయి అసలుదా కాదా అని బెంగపడకండి, దవడకు ఆ తేడా తెలియదు. నన్నడిగితే స్టీలు రోలర్ కొనండి. పగలదు, సబ్బుతో కడగొచ్చు. కొనకపోయినా నష్టం లేదు. రెండు స్టీలు చెంచాలను ఫ్రిజ్‌లో, ఫ్రీజర్లో కాదు, పావుగంట పెట్టి వెనుక భాగాన్ని కళ్ళ కింద ఆనిస్తే అదే పని జరుగుతుంది. మా అత్తమ్మ ఇది చూసి "దీనికే మూడు నూర్లు పెడుతుండ్రా?" అని నవ్వింది.

గువా షా అంటే చైనా వాళ్ళ పాత పద్ధతి, ఆ పేరుకు అర్థమే గీకడం. ఒంటికి చేసేటప్పుడు ఎర్రటి చారలు తేలేలా గీకుతారు. ముఖానికి అలా చేస్తే మన రంగులో ఆ చారలు మచ్చలవుతాయి. నాలుగైదు చుక్కల నూనె లేకుండా మొదలుపెట్టొద్దు. రాయిని చర్మానికి దాదాపు పడుకోబెట్టి, ముక్కు పక్క నుంచి చెవి వైపు, గడ్డం నుంచి చెవి కింది వైపు, ఒక్కో చోట ఐదుసార్లకు మించకుండా లాగండి. చర్మం ముడతలు పడుతూ జరుగుతోందంటే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట.

ఆవిరి

స్టీమర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది కొనేది అదే. ఆవిరికి రంధ్రాలు తెరుచుకుంటాయి, చన్నీళ్ళకు మూసుకుంటాయి అంటారు. అవి తలుపులు కావు, తెరిచి మూసే కండరం వాటికి లేదు. ఆవిరి చేసేదల్లా పైపొరను నానబెట్టి, జిడ్డును మెత్తబరచడం. దానికి ఐదు నిమిషాలు చాలు, వారానికి ఒకసారి చాలు. ముఖానికి, స్టీమర్ మూతికి మధ్య జానెడు దూరం ఉండాలి. బుగ్గలు ఎర్రబడ్డాయంటే ఐదు నిమిషాలు కాకపోయినా లేవాలి.

మంగు ఉన్నవాళ్ళకు స్టీమర్ వద్దే వద్దు. మంగును ఎండ ఒక్కటే కాదు, వేడి కూడా పెంచుతుంది. మే నెలలో పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళను అడిగితే ఈ మాట వాళ్ళే చెబుతారు. మన దగ్గర వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో అయితే మంగు లేనివాళ్ళు కూడా ఆవిరి మాని చల్లటి తడిగుడ్డతో సరిపెట్టుకోవడం మంచిది.

నీళ్ళ సంగతి. నేను మొదట కొన్న స్టీమర్‌లో బోరు నీళ్ళు పోసేదాన్ని. మూడు వారాలకు లోపలి ప్లేటు మీద సున్నం పూసినట్టు తెల్లటి పెచ్చు కట్టింది. ఒకరోజు గురగురమని శబ్దం చేస్తూ ఆవిరితో పాటు వేడినీటి చుక్కలు ఉమ్మింది. నా అదృష్టం బాగుండి చెయ్యి అడ్డం పెట్టి పరీక్షిస్తున్నాను, లేకపోతే ఆ నాలుగు చుక్కలూ ముఖం మీదే పడేవి. అప్పటి నుంచి ఫిల్టర్ నీళ్ళే పోస్తున్నాను. నెలకోసారి నీళ్ళలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచి, మెషిన్ ఆన్ చేయకుండా పారబోసి, రెండుసార్లు కడుగుతాను. వాడిన ప్రతిసారీ మిగిలిన నీళ్ళు ఒంపేయాలి. బామ్, నీలగిరి తైలం లాంటివి మెషిన్లో వేయొద్దు. ముక్కు దిబ్బడకు పట్టే ఆవిరి వేరు, ముఖానికి పట్టే ఆవిరి వేరు. గిన్నెలో మరిగే నీళ్ళు పెట్టి దుప్పటి కప్పుకునే పాత పద్ధతి కంటే చిన్న పిల్లలున్న ఇంట్లో స్టీమరే నయం, గిన్నె ఒలికితే కాలేది పిల్లలే.

నల్లచుక్కలు పీల్చే మెషిన్

మా చెల్లె పెళ్ళికి మూడు రోజుల ముందు నేను ఈ మెషిన్‌ను నా మీదే పరీక్షించుకున్నాను. ఆన్‌లైన్లో ఆరు వందలు పెట్టి కొన్నది. ముక్కు మీద బాగానే ఉందనిపించి, బుగ్గ మీదికి తెచ్చి ఒకే చోట మూడు నాలుగు సెకన్లు ఆపాను. తీసేసరికి రూపాయి బిళ్ళంత గుండ్రటి ఎర్ర గుర్తు. సాయంత్రానికి అది ఊదా రంగుకు తిరిగింది. పెళ్ళి ఫోటోల్లో కన్సీలర్ కింద దాగింది గానీ, ఆ మచ్చ పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పార్లర్ నడిపే మనిషి ముఖం మీద ఆ గుర్తు చూసి అడగని కస్టమర్ లేదు.

ఆ గొట్టం నిండా వచ్చిందని వీడియోల్లో చూపించే తెల్లటి పదార్థంలో చాలాభాగం నల్లచుక్కలు కాదు, ముక్కు మీది రంధ్రాల్లో మామూలుగా ఉండే జిడ్డు. తీసినా నెల తిరక్కముందే మళ్ళీ నిండుతుంది, నిండాలి కూడా. దాని కోసం నరాలు చిట్లేంతగా పీల్చుకోనక్కర్లేదు. 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ గానీ సీరం గానీ రోజు విడిచి రోజు వాడితే రెండు నెలల్లో అంతకంటే మంచి ఫలితం ఉంటుంది. నల్లచుక్కలు తీయడానికి మేము వాడే, కొసన ఉంగరంలా ఉండే లూప్ పిన్ను కొనుక్కోవచ్చా అని అడుగుతారు. తలకాయ పైకి తేలిన నల్లచుక్కకు, ఆవిరి పట్టాక, స్పిరిట్‌తో తుడిచిన పిన్నుతో ఒక్కసారి నొక్కి చూడొచ్చు. రాకపోతే వదిలేయాలి. "ఇంకొంచెం నొక్కితే వస్తది" అనుకున్న చోటే మచ్చ పడుతుంది. ముక్కు నుంచి నోటి మూలల దాకా ఉండే ముక్కోణంలో చీము గడ్డలను ఎవ్వరూ, ఎప్పుడూ నొక్కొద్దు.

రేజర్

ముఖం మీది నూగుకు చిన్న ఫేస్ రేజర్ నాకు నచ్చిన వస్తువు. గీస్తే వెంట్రుక మందంగా వస్తుందన్నది ఉత్త మాట. మొన కోసుకుపోవడం వల్ల మొద్దుగా తగులుతుంది, అంతే. కలబంద జెల్ పలచగా రాసి, చర్మాన్ని రెండో చేత్తో బిగపట్టి, బ్లేడును 45 డిగ్రీల వాలులో చిన్నచిన్నగా కిందికి లాగండి. మూడు నాలుగుసార్లు వాడి పారేయండి. ఆ రోజు యాసిడ్ సీరంలు, స్క్రబ్‌లు వద్దు. గడ్డం కింద ముతక వెంట్రుకలు పెరుగుతూ నెలసరి కూడా సక్రమంగా లేకపోతే అది రేజర్‌తో తీరే పని కాదు, పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.

సూదుల రోలర్

దీని మీద పార్లర్లో రోజూ గొడవే. మాట తేలాలంటే కొలత తెలియాలి. ముఖం మీద పైపొర మందం సుమారు 0.1 మిల్లీమీటరు, ఒక తెల్ల కాగితమంత. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ ఉండేది దాని కింద. మొటిమల గుంతలు పూడాలంటే సూది ఒక మిల్లీమీటరు, అంతకంటే లోతుకూ వెళ్ళాలి. అది మత్తు క్రీము రాసి, శుభ్రమైన గదిలో డాక్టర్ చేసే పని. ఇంట్లో వాడదగ్గది 0.25 మిల్లీమీటర్లకు మించకూడదు, దానితో గుంతలు పూడవు. అంటే ఇంట్లో వాడగలిగేది పనిచేయదు, పనిచేసేది ఇంట్లో వాడకూడదు. ఇక కొనడం దేనికి?

కాజీపేట అమ్మాయి తెచ్చిన రోలర్‌ను ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాం. పెట్టె మీద 540 సూదులని ఉంది. తీరా చూస్తే అవి విడివిడి సూదులు కావు, అంచులకు పళ్ళు కోసిన పలచటి రేకు బిళ్ళలను ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. అలాంటి పన్ను నిటారుగా దిగదు. దొర్లేటప్పుడు ఏటవాలుగా దిగి, లేచేటప్పుడు చీల్చుకుంటూ లేస్తుంది. రెండు పళ్ళ మొనలు అప్పటికే గాలంలా వంగి ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కసారి చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

దాని మీద విటమిన్ సి సీరం రాసి రుద్దమని చెప్పే వీడియోలున్నాయి. పైన రాయడానికి చేసిన సీరం సూది దారిలో లోపలికి పోతే చర్మం దాన్ని పరాయి వస్తువుగా చూస్తుంది. అలా గడ్డలు కట్టిన కేసులున్నాయి.

లైట్ మాస్కులు

అన్నిటికంటే ఖరీదైనవి ఇవే, ధర మూడు వేల నుంచి ముప్పై వేలు దాటి కూడా ఉంటుంది. ఇవి గుచ్చవు, రాపిడి పెట్టవు, మంచివైతే పెద్దగా వేడీ చేయవు. నా మూడు ప్రశ్నలకు దాదాపు నెగ్గుతాయి. కాకపోతే రంగు చూసి కొనాలి. ఆ రంగును కాంతి తరంగం పొడవుతో, నానోమీటర్లలో చెబుతారు. 630 నానోమీటర్ల అటూ ఇటూ ఉండే ఎర్ర కాంతి, 830 దగ్గరుండే కంటికి కనిపించని కాంతి వాపును తగ్గించడానికి, సన్న గీతలకు కొంత పనికొస్తాయి. 415 దగ్గరుండే నీలి కాంతి మొటిమల క్రిమిని చంపుతుంది. కానీ ఆ నీలి కాంతే గోధుమ రంగు చర్మంలో నలుపును పెంచగలదు. మంగు గానీ మొటిమల మచ్చలు గానీ ఉన్నవాళ్ళు నీలిరంగు మీట జోలికి వెళ్ళొద్దు. ఏడు రంగుల మాస్కు అని గొప్పగా అమ్ముతారు. మిగతా రంగులు ఎక్కువగా చూడటానికే.

పెట్టె మీద ఎన్ని బల్బులో రాస్తారు. మనకు కావలసింది అది కాదు, ఒక చదరపు సెంటీమీటరు మీద ఎన్ని మిల్లీవాట్లు పడుతుందన్నది. ఉదాహరణకు 30 మిల్లీవాట్ల మాస్కును 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు వాడితే 30ని 600తో గుణించి వెయ్యితో భాగించాలి. చదరపు సెంటీమీటరుకు 18 జౌళ్ళ శక్తి వస్తుంది, అది పనికొచ్చే మోతాదే. మాస్కు 3 మిల్లీవాట్లదైతే అదే పదినిమిషాలకు 1.8 మాత్రమే. ఈ మిల్లీవాట్ల అంకె, నానోమీటర్ల అంకె రెండూ రాయని మాస్కు కొనకండి, అది ముఖానికి కట్టుకునే సీరియల్ బల్బుల తోరణం. వారానికి మూడు నుంచి ఐదుసార్లు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. పట్టలేనివాళ్ళు డబ్బు దాచుకోండి.

కళ్ళకు అడ్డు తప్పనిసరి. పేరున్న కంపెనీ ఒకటి కళ్ళకు ప్రమాదమనే అనుమానంతో తన మాస్కులను 2019లో వెనక్కి తెప్పించుకుంది. కంటి జబ్బులు, మూర్ఛ, లూపస్ ఉన్నవాళ్ళు, మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు మింగుతున్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా పెట్టుకోవద్దు.

మిగిలినవి త్వరగా. సన్నటి కరెంటుతో ముఖ కండరాలను బిగించే మైక్రోకరెంట్ పరికరం ఇచ్చే బిగువు కొన్ని గంటలే నిలుస్తుంది, రోజూ జెల్ ఖర్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు. నీళ్ళు చిమ్ముతూ వణికే రేకు లాంటి అల్ట్రాసోనిక్ స్క్రబ్బర్ తడి ముఖం మీద పర్వాలేదు, పొడి ముఖం మీద గీకేస్తుంది. లేకపోయినా లోటు లేదు.

మెరుపులా వెలుతురు కొట్టి వెంట్రుకలు తీసే ఐపీఎల్ మెషిన్ విషయంలో మాత్రం ఆగండి. దాని వెలుతురు నల్లదనాన్ని వెతుక్కుంటూ పోతుంది. తెల్ల చర్మం మీద వెంట్రుక ఒక్కటే నల్లగా ఉంటుంది కాబట్టి వేడి అక్కడికే వెళ్తుంది. మన చర్మంలోనూ నలుపుంది, వేడి దానికీ తగులుతుంది. పెట్టె మీద రంగుల పట్టీ ఉంటుంది. మీ చెంప రంగును పగటి వెలుతురులో దానితో పోల్చండి, చివరి రెండు గళ్ళలో పడితే కొనొద్దు. పడకపోయినా ముఖం మీద వద్దనే అంటాను. హార్మోన్ల తేడా ఉన్న కొందరిలో గడ్డం మీద వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి కూడా.

నాలుగో అడుగు: పెట్టెను చదవడం

విదేశీ సరుకైతే ఎంఆర్‌పీ, దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, చిరునామా, తయారైన దేశం, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ పెట్టె మీద ఉండాలి, అది చట్టం. ఏ స్టిక్కరూ లేని తెల్ల పెట్టెలో వచ్చిందంటే ముఖానికి వాడొద్దు. ఛార్జర్ వస్తే దాని మీద బీఐఎస్ (సరుకుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. ఆ నంబర్ నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఛార్జింగ్‌లో ఉండగా ఏ పరికరాన్నీ ముఖానికి ఆనించొద్దు. పెట్టె విప్పుతూ వీడియో తీసి పెట్టుకోండి. అమ్మినవాళ్ళు వాపసు తీసుకోకుండా తిప్పుతుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తెలుగులోనే రాసుకుంటారు.

డబ్బు తక్కువుంటే వరుస ఇది: మొదట సన్‌స్క్రీన్, తర్వాత సిలికాన్ బ్రష్, ఆ తర్వాతే ఏదైనా. సన్‌స్క్రీన్ పరికరం కాదు నిజమే. కానీ సుబేదారి నుంచి వరంగల్ చౌరస్తా దాకా మధ్యాహ్నం స్కూటీ మీద అది లేకుండా తిరిగితే రాత్రి వెలిగించిన ఎర్ర లైటు మాస్కు ఏం చేస్తుంది? ఎస్‌పీఎఫ్ 30 పైన, చూపుడు వేలు, మధ్య వేలు నిడివికి రెండు చారలంత, ముఖానికి, మెడకు.

ఐదో అడుగు: మొదటి పదిహేను రోజులు

ఒకేసారి రెండు కొత్త పరికరాలు మొదలుపెట్టొద్దు, తేడా వస్తే దేనివల్లో తెలియదు. మొదట చెవి కింద, దవడ మూల మీద వాడి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు, నలుపు ఏదీ రాకపోతే ముఖం మీదికి రండి. వాడకముందు కిటికీ దగ్గర అదే చోట, అదే వేళకు ఒక ఫోటో తీసుకుని, రెండు వారాలకు మళ్ళీ తీయండి. అద్దం రోజూ చూస్తాం కాబట్టి మార్పు తెలియదు, ఫోటోలో తెలుస్తుంది.

పెళ్ళి ఉన్నవాళ్ళకు లెక్క వేరు. ఆఖరి నెల రోజుల్లో కొత్త పరికరం ఏదీ వద్దు. నలుగు పెట్టే రోజు సున్నిపిండిని గట్టిగా రుద్దుతారు కాబట్టి దానికి ముందూ వెనుకా మూడు రోజులు బ్రష్, రేజర్ పక్కన పెట్టండి. కాజీపేట అమ్మాయి సూదుల రోలర్‌ను, పీల్చే మెషిన్‌ను వాపసు పంపింది. స్టీమర్ వాళ్ళ అమ్మ జలుబుకు తీసుకుంది. రాయి రోలర్‌ను వాళ్ళ నానమ్మ మోకాళ్ళకు నూనె రాసుకోవడానికి అడిగి మరీ పుచ్చుకుంది.

ఆరో అడుగు: కడగడం, దాచడం, పారేయడం

వాడిన ప్రతిసారీ సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి. బాత్రూంలో తడిగా వేలాడదీయడం మానండి. లోహపు భాగాలను మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవచ్చు, సిలికాన్‌కు సబ్బు చాలు. బ్రష్ జిగటగా తగిలినా, వాసన వచ్చినా, చీలినా పారేయండి.

అక్కాచెల్లెళ్ళు, హాస్టల్ రూమ్మేట్లు ఒకే రేజర్, ఒకే రోలర్ పంచుకోవడం నేను రోజూ చూసే తప్పు. పులిపిర్లు, పెదవి పక్కన వచ్చే నీటిపొక్కులు వైరస్ వల్ల వస్తాయి, అవి రేజర్‌తో ఒకరి నుంచి ఇంకొకరికి పోతాయి. ఒక్క ముఖం మీదే ఒక చోటి నుంచి ఇంకో చోటికి గీతలు గీతలుగా పాకుతాయి. పులిపిరి ఉంటే అది పోయేదాకా రేజర్ ఆపండి.

పొరపాటున కాలితే, స్టీమర్ చుక్క పడినా, ఐపీఎల్ చురుక్కుమన్నా, వెంటనే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు వద్దు. పొక్కు లేస్తే చిదపకండి. మర్నాటికి ఎరుపు తగ్గకపోయినా, చీము పట్టినా, కంటి దగ్గర అయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ పరికరాన్ని, దాని పెట్టెను కూడా సంచిలో వేసుకోండి. ఏం వాడారో నోటితో చెప్పడం కంటే చూపించడం తేలిక.